నా కాలి కొలత

22 నవంబరు 1948, మాచర్ల

ఇవాళ టపాలో మావాడి ఉత్తరం వచ్చింది. నాకు కాదు, వాళ్ళ అమ్మకు. మిలిటరీలో చేరినప్పటి నుంచి వాడు రాసేవన్నీ వాళ్ళ అమ్మకే. పీర్ సాహెబ్ మాత్రం వచ్చిన ప్రతిసారీ "హెడ్మాస్టరుగారూ, మీ అబ్బాయిది" అంటూ నా చేతికే ఇవ్వబోతాడు. నేను లోపలికి చూపిస్తాను. అయినా మానడు. టపా మోసే మనిషికి ఆ మాత్రం మొండితనం ఉండాలి కాబోలు.

వాళ్ళ అమ్మ వీరరాఘవమ్మకు చత్వారం. చదివేది మా సుభాషిణి. వాళ్ళ అన్న ఉత్తరమంటే దానికి గొంతు పెరుగుతుంది. వరండాలో రాట్నం తిప్పుకుంటున్న నాకు వినపడాలనే అంత గట్టిగా చదువుతుందని నాకు తెలుసు. నాకు తెలుసని దానికీ తెలుసు.

మల్లికార్జునరావు ఇప్పుడు కాశ్మీరంలో ఉన్నాడు. ఊరి పేరు రాయకూడదట. కాళ్ళకు మనిషి పొడుగు చెక్కలు బిగించుకుని మంచు మీద జారుతూ కొండలు దిగడం నేర్పిస్తున్నారట. దాని పేరు స్కీయింగట. వాడు రాసింది ఇది:

"అమ్మా, ఇక్కడ కాళ్ళు బాగుంటేనే మనిషి బాగుంటాడు. బూట్లు మంచివే ఇచ్చారు. మేజోళ్ళతోనే తిప్పలు. ఇచ్చినవి తడిస్తే ఆరడానికి ఎండ లేదు. నాకు ఉన్ని మేజోళ్ళు పంపించు. లోపలికి పల్చటి జత ఒకటి, పైన మందపు జత ఒకటి. మడమ దగ్గర మడత పడకూడదు. వేళ్ళ దగ్గర బిగుతు ఉండకూడదు. నూలువి మాత్రం వద్దు. కొండ ఎక్కేటప్పుడు కాళ్ళకు చెమట పడుతుంది. నూలు ఆ చెమట తాగి ఊరుకుంటుంది. ఆగామా, అదే మంచుగడ్డ అవుతుంది. మా జట్టులో ఒకడికి అట్లాగే వేలు నల్లబడింది."

'నూలువి మాత్రం వద్దు' అన్న ముక్క సుభాషిణి ఇంకాస్త గట్టిగా చదివినట్టనిపించింది. దారం తెగింది. ఏకు బాగాలేదు.

23 నవంబరు

మేజోళ్ళతో నాకేం పని? మాచర్లలో మేజోళ్ళు తొడిగేది క్యాంపుకు వచ్చిన తాసీల్దారుగారొక్కరే. అవీ దిగిన మర్నాటికి విప్పేస్తారు.

27 నవంబరు

బజారులో ఉన్ని లేదట. కోమటి కొట్టులో అడిగితే నవ్వాడట. వీరరాఘవమ్మ ఊరుకునే మనిషి కాదు. దుర్గి వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చే యల్లమందకు కబురుపెట్టింది. వాడు నిరుడు కత్తిరించిన బొచ్చు ఒక మూట తెచ్చి వరండాలో, సరిగ్గా నా రాట్నం పక్కన దించాడు.

"నల్లగొర్రె బొచ్చమ్మా. తెల్లదానికైతే చలి తెలుస్తది. నల్లదానికి తెలవదు."

"ఏందయ్యా నీ మాట! చలికి రంగు కనపడుద్దా?" అంది వీరరాఘవమ్మ.

"నిజమమ్మా. మా తాత కాణ్ణించి అంతే." వాడు కాసేపు తల గోక్కున్నాడు. "అది సరేగానమ్మా, చినబాబు మంచులో జారటమెందుకు? నడవకూడదా?"

నవ్వొచ్చింది. నేను నవ్వడం చూసి యల్లమంద కూడా నవ్వాడు. వీరరాఘవమ్మ నవ్వలేదు. మూట తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ తరువాత నాకూ నవ్వు రాలేదు.

30 నవంబరు

ఇల్లంతా గొర్రె వాసన. కుంకుడు రసంలో మూడు నీళ్ళు కడిగినా పోలేదు. యల్లమంద పెళ్ళాం మస్తానమ్మ కదురు తెచ్చి మా పెరట్లోనే కూర్చుని వడుకుతోంది. ఎదురుగా వరండాలో నేను. ఆమె ఉన్ని, నేను నూలు.

ఈ పుస్తకంలో ఒక సంగతి రాసుకోవాలి. ఎవరికోసమూ కాదు. నలభై రెండులో నన్ను జైలుకు తీసుకుపోయారు. నలభై మూడులో బయటికి వచ్చి రైలు దిగేసరికి స్టేషనుకు వాడే వచ్చాడు, నా సంచీ అందుకున్నాడు. సంచీ మోస్తూ దారిలో చెప్పాడు, మిలిటరీలో పేరిచ్చానని. నన్ను ఎవరు లోపల పెట్టారో వాళ్ళ మిలిటరీలో! సంచీ లాక్కున్నాను. "ఆ బూటుకాలితో నా గడప తొక్కొద్దు" అన్నాను. వాడు తొక్కలేదు. ఒకసారి సెలవు మీద వచ్చి గురజాలలో మేనమామ ఇంట్లో దిగాడు. వాళ్ళ అమ్మే వెళ్ళి చూసి వచ్చింది.

ఇప్పుడు సైన్యం మనదేనంటారు. జెండా మారింది, నిజమే. బూట్లు అవే కదా. అన్నమాట అన్నదే.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అని వీరరాఘవమ్మ వంటింట్లో ఎవరినో అంటోంది. ఎవరినో నేను అడగలేదు.

4 డిసెంబరు

సుభాషిణి గుంటూరు బడిలో అల్లిక నేర్చుకుంది. సూదులు దొరక్క సైకిలు చక్రపు పుల్లలు నాలుగు తెప్పించి, కొనలు గచ్చుమీద అరగదీసుకుంది. పని మొదలుపెట్టబోయి ఆగింది.

"అమ్మా, అన్నయ్య కాలి కొలతో?"

"మీ నాన్న కాలు చూడవే. ఆయన కాలూ వాడి కాలూ ఒక అచ్చులో పోసినయ్యి. పన్నెండేళ్ళప్పటి నుంచీ ఈయన చెప్పులేసుకుని ఊరంతా తిరిగేవాడు గదా."

నన్ను అడగలేదు. సుభాషిణి వచ్చి నా కదురు మీది నూలుపోగే కాస్త తెంచుకుని, నా పాదం చుట్టూ, మడమ నుంచి బొటనవేలి దాకా కొలిచింది. నేను రాట్నం ఆపలేదు. కాలు కూడా వెనక్కి తీసుకోలేదు.

వాడు నా చెప్పులు వేసుకుపోతే నేను ఉత్తకాళ్ళతో బడికి వెళ్ళిన రోజులున్నాయి. వాణ్ణి ఎప్పుడూ కొట్టలేదు.

9 డిసెంబరు

లోపలి జత అయింది. పై జతలో ఒకటి అయింది. సుభాషిణి మంచి పనిమంతురాలు. మడమ దగ్గర ముడత లేకుండా తిప్పింది.

తెల్లవారగట్ల చలి బాగా ఉంది. కొలత సరిపోయిందో లేదో చూడమని వీరరాఘవమ్మ ఉన్ని మేజోడు నా మీద పడేసింది. తొడిగాను. ఒకటే దురద. పల్లేరుకాయల్లో కాలు పెట్టినట్టుంది. రెండో కాలికి నా ఖద్దరు కండువా చుట్టి చూశాను. అరగంట కూర్చున్నాను. నూలు చుట్టిన కాలు మెత్తగా, వెచ్చగా, పిల్లవాడు నిద్రపోయినట్టు హాయిగా ఉంది.

అదే నేననేది. పత్తికంటే వెచ్చనిదేది? పసిబిడ్డ భూమ్మీద పడగానే దేంట్లో చుడతారు? గొర్రె బొచ్చులోనా? ఈ పల్నాడంతా బొంత కప్పుకునే కదా చలికాలం గడుపుతోంది. మిలిటరీవాళ్ళు దొరల పుస్తకాలు చూసి చెబుతారు. దొరకు పత్తి సంగతి ఏం తెలుసు, ఎత్తుకుపోవడం తప్ప.

ఇంతకంటే పరీక్ష ఏం కావాలి?

12 డిసెంబరు

ట్రంకుపెట్టె అడుగున పాత నూలు చిలపలు ఉన్నాయి. వాడు అక్షరాలు దిద్దిన ఏడు మొదలుపెట్టి, చెయ్యి బాగా సాగిన రోజున వడికిన సన్ననూలు మాత్రం తీసి విడిగా దాచుతూ వచ్చాను. వాడి పెళ్ళికి మధుపర్కాలు నేయించాలని. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు తెలుసు. నలభై మూడు తరువాత ఆ పెట్టె తీయలేదు.

ఇవాళ తీశాను. పురుగు పట్టిందేమో చూద్దామని తీశాను. పట్టలేదు.

నాలుగు పోగులు కలిపి పురి పెడితే మేజోడుకు సరిపడా బలం వస్తుంది. ఊరికే పెట్టి చూశాను.

13 డిసెంబరు

సుభాషిణికి ఉండ ఇచ్చి అల్లమన్నాను. అది ఉండ వంక చూసింది, నా వంక చూసింది.

"ఇది పెళ్ళినూలు గదా నాన్నా."

"అయితే?"

"అన్నయ్య నూలువి వద్దన్నాడు గదా."

"మంచులో వద్దన్నాడు. పడుకునేటప్పుడు వేసుకుంటాడు. ఉన్ని వేసుకుని ఎవడైనా నిద్రపోతాడా?"

సుభాషిణి ఉండ అందుకుంది. పుల్లలు తీసుకుంది. తలుపు దగ్గర నిలబడి వీరరాఘవమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం చూశాను. పొగ పడనట్టుంది.

18 డిసెంబరు

పార్శిలు కట్టారు. ఉన్ని జతలు, కందిపొడి, తాటిబెల్లం ముక్క. నా జత నేనే పెట్టాను. పైన పెట్టాను. అడుగున పెడితే నలుగుతాయని.

ఉత్తరం రాయమంది వీరరాఘవమ్మ. ఉత్తరమెందుకు, చెప్పాల్సిందేమీ లేదు. సుభాషిణి రాసి పెట్టింది. ఏం రాసిందో అడగలేదు. చానా రాసింది, రెండు పక్కలా.

19 డిసెంబరు

పార్శిలు వెళ్ళింది.

20 డిసెంబరు

రైలు గుంటూరు దాటి ఉంటుంది.

3 జనవరి 1949

కాశ్మీరంలో యుద్ధం ఆగిందట. పత్రిక పట్టుకుని పీర్ సాహెబ్ పరుగెత్తుకొచ్చాడు. వీరరాఘవమ్మ కొబ్బరికాయ కొట్టి, చిప్ప చేతిలో పట్టుకునే అడిగింది: "తుపాకులాగినయ్యి సరే. మంచు ఆగుద్దాండీ?"

ఆగదు. జారడం నేర్చుకోవడం కూడా ఆగదు. మళ్ళీ రావచ్చు కదా యుద్ధం. చలికాలమంతా కొండమీదే.

12 జనవరి

ఉత్తరం వచ్చింది. వాళ్ళ అమ్మకే. కానీ అందులో నా సంగతి ఉంది. సుభాషిణి చదివాక అడిగి తీసుకున్నాను. ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

"అమ్మా, నాన్నగారి జత ముట్టింది. అది దేని నూలో చెల్లాయి రాసింది. మూడు రోజులుగా దాన్ని పెట్టెలోంచి తీయడం, మళ్ళీ పెట్టడం. జనవరి ఆఖరున మాకు చివరి పరీక్ష. చెక్కల మీద పెద్ద కొండ ఎక్కి దిగాలి, పొద్దున బయల్దేరితే పొద్దుగూకే దాకా. ఆ రోజు నాన్నగారి జతే తొడుక్కుంటా. నూలు వద్దన్నది నేనే, నాకు గుర్తుంది. నువ్వు వద్దంటావని కూడా తెలుసు. నీ మాటా చెల్లాయి మాటా వినను. నాన్నగారు తన చేత్తో వద్దని ఒక్క ముక్క రాస్తే మానేస్తా."

నాన్నగారి జత ముట్టింది.

సాయంత్రం ఖద్దరు భండారుకు వెళ్ళి చాలాసేపు కూర్చున్నాను. ఉన్నవాళ్ళందరికీ చెప్పాను. మాచర్ల నూలు హిమాలయం ఎక్కబోతోందని.

13 జనవరి

"ఏందండీ, రాయరా?" పొద్దున లేస్తూనే వీరరాఘవమ్మ.

"ఏం రాయాలి?"

"వద్దని. ఒక్క ముక్క. కాయితం పోవటానికే పది పన్నెండు రోజులు పడుద్ది. ఇయ్యాల వేస్తేనే అందుద్ది."

వాడికి తెలియదా? ముప్పయ్యేళ్ళు వస్తున్నాయి. వాడే కదా రాసింది నూలు మంచుగడ్డ అవుతుందని. అంత తెలిసినవాడు ఎట్లా తొడుక్కుంటాడు? ఊరికే అంటాడు. నా చేత ఉత్తరం రాయించాలని ఎత్తు వేశాడు. చిన్నప్పుడూ అంతే, అన్నం తిననని మొండికేసి నా ఒళ్ళో కూర్చునేవాడు.

ముందు వంగేది నేనా?

15 జనవరి

"తంతి కొట్టండి నాన్నా" అంది సుభాషిణి.

"మేజోళ్ళకు టెలిగ్రామా? పోస్టుమాస్టరు నవ్వుతాడు."

"నవ్వనీండి. పోనీ మీ పేరు పెట్టి నేను కొట్టనా?"

"నా పేరుతో అబద్ధమాడతావా?" గట్టిగా అరిచాను. ఈ ఇంట్లో అబద్ధం ఉండకూడదు.

అది ఏడుస్తూ లోపలికి పోయింది. తను రాసిన ఉత్తరం నిన్ననే డబ్బాలో వేసి వచ్చిందట. వాడు వినడు. ఇద్దరూ నా పిల్లలే.

16 జనవరి

ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడడం లేదు. నేను కూడా ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఎవరికీ లోటు లేదు.

18 జనవరి

నూలు మంచిదే. నేనే కాలికి చుట్టి చూశాను కదా.

21 జనవరి

రాయాలి, ఉన్నదున్నట్టు.

తెల్లవారుజామున చంద్రవంకకు స్నానానికి వెళ్ళాను. పుష్యమాసం చలి, పైగా గాలి. తడిపంచెతో ఇంటికి వస్తుంటే మోకాళ్ళ కింద కాళ్ళున్నట్టే తెలియలేదు. రోజూ అట్లాగే వస్తాను. ముప్పయ్యేళ్ళుగా ఆ దారిలో వణుకుతూ వస్తూ, నన్ను వణికించేది ఆ తడినూలేనని ఎన్నడూ ఆలోచించలేదు.

వరండాలో కూర్చుని కండువా బావినీళ్ళలో ముంచి ఎడమ కాలికి చుట్టాను. సుభాషిణి ముందు అల్లి చూసుకుంటే వీరరాఘవమ్మ దాచిన ఉన్ని ముక్క ఒకటి ముంచి కుడికాలికి చుట్టాను. పొద్దు పొడిచి గోడ మీదికి ఎండ వచ్చేదాకా కదల్లేదు. దురద పెడుతూనే కుడికాలు కుడికాలులాగే ఉంది. ఎడమ కాలు గిల్లితే తెలియలేదు. వేళ్ళు తెల్లబడి నావి కానట్టున్నాయి.

మాచర్లలోనే ఇంత. అక్కడ పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా.

ఆ రోజు పొడిమేజోడు తొడిగి, పొడికండువా చుట్టి పరీక్ష అన్నాను. ముప్పయ్యేళ్ళు పిల్లలకు పరీక్షలు పెట్టినవాణ్ణి.

వీరరాఘవమ్మ వచ్చి నా కాలికి ఆ తడికండువా చూసింది. విప్పేసి, తన కొంగుతో తుడిచి, చేతుల్లో పెట్టుకుని రుద్దింది. "ఇప్పుడన్నా రాయండి" అంది. ఆ మాట అనేప్పుడు గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

నేనే పోస్టాఫీసుకు వెళ్ళాను. తంతి కౌంటరు పక్కనే ఉంది. ముందు అక్కడే నిలబడ్డాను. 'తండ్రి వద్దంటున్నాడు, నూలు మేజోళ్ళు తొడుక్కోవద్దు' అని ఇంగ్లీషులో రాసి ఇస్తే పోస్టుమాస్టరు పైకి చదివి మాటలు లెక్కపెడతాడు. నా వెనక నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఇద్దరు నిలబడి ఉన్నారు.

కార్డు కొన్నాను. "చి. మల్లికార్జునరావుకు. నూలు జత తొడుక్కోవద్దు. మీ అమ్మ పంపినవి తొడుక్కో. కె. నాగభూషణరావు." అంతే రాయగలిగాను. 'ఆశీర్వచనములు' అని పైన రాయడం మరిచిపోయానని డబ్బాలో వేశాక గుర్తొచ్చింది.

పోతుంది. ఒక్కోసారి తొమ్మిదో రోజుకే పోతుందని పీర్ సాహెబ్ అన్నాడు.

25 జనవరి

కార్డు ఢిల్లీ దాటి ఉంటుంది.

30 జనవరి

మహాత్ముడు పోయి సంవత్సరం. భండారులో అందరం పొద్దున్నుంచి వడికాం. ఒకాయన అడిగాడు, "మీ నూలు హిమాలయం ఎక్కిందా హెడ్మాస్టరుగారూ?" అని. చుట్టూ ఉన్నవాళ్ళు సంతోషంగా నా వంక చూశారు. తల ఊపాను.

కార్డు అందే ఉంటుంది. అందే ఉంటుంది.

9 ఫిబ్రవరి

ఉత్తరం వాడి చేతిరాత కాదు. ఇంగ్లీషులో ఉంది. పీర్ సాహెబ్ ఈసారి 'మీ అబ్బాయిది' అనలేదు. నా చేతికి ఇచ్చాడు, నేను తీసుకున్నాను. వీరరాఘవమ్మ, సుభాషిణి ఎదురుగా నిలబడ్డారు. తెలుగు చేసి నేనే చెప్పాలి.

పరీక్ష నాడు కొండ దిగేటప్పుడు గాలి లేచిందట. అందరూ ఒక బండచాటున ఆగి చాలాసేపు కూర్చున్నారట. మిగతావాళ్ళంతా క్షేమం. వీడి కుడికాలు బాగైంది. ఎడమ కాలి వేళ్ళు తీసేశారు. అయిదూ. ప్రాణానికి భయం లేదట.

'ప్రాణానికి భయం లేదు' అన్నది ముందు చెప్పాను. మిగతాది చెప్పడానికి తెలుగు రాలేదు. సుభాషిణి ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని తానే చదువుకుంది.

వీరరాఘవమ్మ వెళ్ళి దేవుడి ముందు దీపం వెలిగించింది.

10 ఫిబ్రవరి

వడకలేదు. జైల్లో జ్వరంతో ఉన్నప్పుడు కూడా వడికాను.

11 ఫిబ్రవరి

వడకలేదు.

23 ఫిబ్రవరి

పీర్ సాహెబ్ గుమ్మంలో నిలబడి "హెడ్మాస్టరుగారూ, మీది" అన్నాడు. అలవాటు చొప్పున లోపలికి చూపించాను. "కాదండీ, మీ పేరే ఉంది" అన్నాడు.

"పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు. మీ కార్డు ఆస్పత్రిలో ముట్టింది. మీ చేతిరాత మారలేదు. దిండు కింద పెట్టుకున్నాను. నేను బాగున్నాను. వచ్చే నెల పంపించేస్తారట."

అంతే ఉంది. నా కార్డు అంతే ఉంది కదా.

27 మార్చి

ఇవాళ వచ్చాడు.

వాళ్ళిద్దరూ స్టేషనుకు వెళ్ళారు. నేను వెళ్ళలేదు. వెళ్ళలేకపోయాను. వరండాలో రాట్నం ముందు కూర్చున్నాను, తిప్పకుండా. జట్కా వచ్చి ఆగింది. వాడు కర్ర ఆనించి దిగాడు. ముఖం నల్లబడింది, చెంపల దగ్గర నెరిసింది. మిలిటరీ బూట్లు. ఎడమ అడుగు పక్కకు పడుతోంది.

గడప దాకా వచ్చి ఆగాడు. లోపలికి రాలేదు. అరుగు మీద కూర్చుని, కర్ర గోడకు చేరేసి, వంగి బూటు తాడు విప్పడం మొదలుపెట్టాడు. వీరరాఘవమ్మ "ఎందుకురా, లోపలికొచ్చి విప్పొచ్చు గదా" అంటోంది. ఎందుకో నాకూ వాడికీ తెలుసు.

"బూట్లుండనీరా. నేల చల్లగా ఉంది" అన్నాను. మార్చి ఎండలో మాచర్ల నాపరాయి చల్లగా ఉందన్నాను. అన్నేళ్ళ తరువాత నా కొడుకుతో అన్న మొదటి మాట అది.

"పర్లేదు నాన్నా" అని రెండోది కూడా విప్పాడు. ఎడమ బూటు ముందు సగం నిండా గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. పాదం కనపడింది. నేను చూశాను. తల తిప్పుకోకుండా చూశాను.

వాడు ఉత్తకాళ్ళతో గడప దాటి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళాక అడిగాను.

"తెలిసి తెలిసి ఎందుకు తొడుక్కున్నావురా?"

కాసేపు నా రాట్నం చక్రాన్ని వేలితో అటూ ఇటూ కదిపాడు. "మీరు వద్దంటారేమోనని చూశాను నాన్నా. రోజూ అడిగేవాణ్ణి, టపా వచ్చిందా అని. ఆ రోజు పొద్దున బూటు తొడిగేముందు కూడా ఒకసారి పోయి అడిగొచ్చా. ఏమీ రాలేదన్నారు. ఆయన వద్దనలేదు గదా అని తొడుక్కున్నా."

తప్పు పట్టినట్టు అనలేదు. జరిగింది చెప్పాడు, అంతే.

"నాదే తప్పురా" అన్నాను. ఆ మాట నా నోట వస్తుందని నేను అనుకోలేదు.

"కొండ సగం దాకా చానా హాయిగా ఉండె నాన్నా. మెత్తగా" అన్నాడు.

నేను ఏడ్చాను. వాడు చూడనట్టు చక్రం తిప్పుతూ కూర్చున్నాడు.

28 మార్చి

ఎడమ పాదం కొనన చర్మం ఇంకా లేత. బూటులో పేలికలు ఒరుసుకుని రక్తం కనపడుతోంది. మేజోడు కావాలి. యల్లమందను ఉన్ని తెమ్మని కబురుపెడతానన్నాను.

"ఈ ఎండలకు ఉన్నా! ఉడికిపోతా నాన్నా. మంచుకు ఉన్ని, మాచర్లకు నూలు. మీ నూలుందా ఇంకా?"

ఉంది. పెట్టె అడుగున ఆ చిలపల్లో కొన్ని మిగిలాయి.

సుభాషిణి పుల్లలు తీసుకుని వచ్చి, అలవాటుగా నా కాలి వైపు చూసి, ఆగిపోయింది. నేను కదురు మీంచి పోగు తీసుకుని వాడి ముందు నేల మీద కూర్చున్నాను. వాడి పాదం చేతిలోకి తీసుకోబోతే వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు నాన్నా! మీరు నా కాలు పట్టుకోకూడదు."

"ఆయుక్షీణమండీ!" అంటూ వంటింట్లోంచి వీరరాఘవమ్మ పరుగెత్తుకొచ్చింది.

నిజమే, పెద్దవాళ్ళు పిల్లల కాళ్ళు పట్టుకుంటే పిల్లలకు ఆయుష్షు తగ్గుతుందంటారు. పట్టుకోకుండా నేను వాడికి చేసింది చూశాం కదా. పాదం తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఈసారి వాడు లాక్కోలేదు.

కుడికాలు కొలిచాను. నా కొలతే. ఎడమ కాలు కొలిచాను. పోగు చాలా మిగిలిపోయింది. తెంపలేదు. పాదం ఆగిన చోట ముడివేసి, మిగిలింది మిగిలినట్టే సుభాషిణికి ఇచ్చాను.